తడిసిన పువ్వు వాసన

జ్వరం తగ్గిన మూడో రోజున నా ముక్కు పనిచేయడం లేదని తెలిసింది. పొద్దున యంత్రంలో కాఫీ గింజలు వేయించి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడి తగిలింది గానీ వాసన రాలేదు. అనుమానం తీరక వరుసగా చూసుకున్నాను: వెల్లుల్లి, జీలకర్ర, సబ్బు, బాపు విడిచిన బనియన్. ఒక్కటీ అందలేదు. బనియన్ కూడా అందకపోయేసరికి ఇక సందేహం మిగల్లేదు.

నా పని కాఫీ గింజలు వేయించి అమ్మడం. లక్సెట్టిపేటలో మా నాన్న, అంటే బాపు, నడిపే పిండి గిర్ని పక్క గదిలో నా యంత్రం ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కాఫీ వేయించే ఒక చోట యంత్రాలు బాగుచేసే పనిలో చేరాను. అక్కడే రుచి చూడటం నేర్చుకున్నాను. మూడేళ్ల తర్వాత తిరిగి వచ్చేశాను. మా వైపు ఇప్పటికీ అందరూ తాగేది టీనే. కాఫీ అంటే తల నొచ్చినప్పుడు తాగే మందు. అయినా కరీంనగర్‌లోనూ మంచిర్యాలలోనూ కొత్త కాఫీ దుకాణాలు తెరుస్తున్నారు. ఈ గింజ ఏ కొండ మీద పండింది, ఎట్లా ఎండబెట్టారు అని అడిగి మరీ తాగేవాళ్లు కొందరు తయారయ్యారు.

గిర్ని పక్కన కాఫీ పెట్టడం ఎంత తెలివితక్కువ పనో మొదటి నెలలోనే తెలిసింది. నా కాఫీ తాగినవాళ్లకు తుమ్ములొచ్చాయి. పక్క గదిలో పట్టే మిరపకాయల ఘాటు గింజలకు పట్టిందని కనిపెట్టడానికి నాకు వారం పట్టింది. మర్నాటి నుంచి కారం పట్టడం బుధవారం, శనివారం మాత్రమే అని బాపు గోడ మీద సుద్దముక్కతో రాశాడు. అడిగినవాళ్లకు, "మా పిల్లగాని గింజలకు కారం పడదట," అని చెప్పాడు. ఆయన మాటలో వెటకారం ఎంతో, గర్వం ఎంతో నేను కొలవలేకపోయాను.

ముక్కు పోయిన ఆ వారం మామూలు వారం కాదు. అప్పటిదాకా నేను వేరేవాళ్ల కోసమే గింజలు వేయించాను. పొట్లాల మీద వాళ్ల పేరే ఉండేది. మొదటిసారి కరీంనగర్‌లో కొత్తగా దుకాణం తెరవబోతున్న ఒకతను, నా వయసువాడే, నా పేరుతోనే కాఫీ కావాలన్నాడు. దాని కోసం ఆంధ్ర కొండల్లోని ఒక రైతు సంఘం మూడు బస్తాల నుంచి మూడు నమూనా పొట్లాలు పంపింది. శనివారం లోపల అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే బస్తాలు ఇంకొకరికి పోతాయి.

ఆ గింజలు పండుతో సహా ఎండబెట్టిన రకం. పండు తొక్క తీయకుండా మూడు నాలుగు వారాలు ఎండలో తిప్పుతూ ఆరబెడితే లోపలి గింజకు పండు తీపి వాసన పడుతుంది. సరిగ్గా తిప్పకపోయినా, వాన పడినా, అదే పండు పులిసి గింజను పాడుచేస్తుంది. మంచికీ చెడుకూ మధ్య దూరం చాలా తక్కువ. దాన్ని పట్టుకోవాల్సింది ముక్కే. వేయించడం వరకు నాకు ఇబ్బంది లేదు. ఉష్ణోగ్రత, సమయం, గింజ చిట్లే చప్పుడు, ఈ మూడూ ముక్కు లేకుండానే అందుతాయి. వేయించినదాన్ని బాగుంది, బాగాలేదు అని చెప్పడం మాత్రం అంకెలతో కాదు.

కాగితం మీద దారులు రాసుకున్నాను. ఒకటి, గడువు అడగడం: సంఘం వాళ్లు ఒప్పుకోలేదు. రెండు, హైదరాబాద్‌లో పాత మిత్రుడికి నమూనాలు పంపడం: అతను ఊళ్లో లేడు. మూడు, కళ్లు మూసుకుని అవుననడం: మొదటిసారి నా పేరుతో పోయే కాఫీ అది. నాలుగో అంకె వేసి, ఏమీ తోచక అట్లాగే వదిలేశాను.

శుక్రవారం పొద్దున, గిర్ని ఇంకా మొదలు కాకముందు, మూడు నమూనాలూ వేయించి, గిన్నెకు సరిపడా గింజలు విడివిడిగా తూచి పొడి చేసి పెట్టుకున్నాను. మా అమ్మ, మేం అవ్వ అంటాం, రొట్టె తీసుకొని వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఇప్పపువ్వు ఎవలు తెచ్చిండ్రు?" అని అడిగింది.

ఎవరూ తేలేదని చెప్పాను. అబద్ధమాడుతున్నానన్నట్టు చూసి లోపలికి వచ్చింది. వాసన పట్టుకుంటూ నేరుగా పొడి ఉన్న గిన్నెల దగ్గరికి వెళ్లి వంగింది.

అవ్వ పుట్టిల్లు జన్నారం దాటాక అడవి అంచున ఒక పల్లె. పెళ్లయ్యేదాకా ప్రతి ఎండాకాలం తెల్లవారకముందే వెళ్లి రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి అమ్మింది. ఆ సంగతి నాకు తెలుసు. దానికీ నా పనికీ సంబంధం ఉండొచ్చని మాత్రం ఆ నిమిషం దాకా తోచలేదు. నేను నేర్చుకున్న కాఫీ రుచుల పట్టికలో ఇట్లాంటి కాఫీకి బ్లూబెర్రీ అని రాయాలి. అదే రాసేవాణ్ణి. ఆ పండును నేను జామ్ సీసా మీద బొమ్మగా తప్ప చూడలేదు.

అవ్వను కూర్చోబెట్టి పద్ధతి చెప్పాను. గిన్నెకు పదకొండు గ్రాముల పొడి, రెండు వందల మిల్లీలీటర్ల వేడి నీళ్లు. నాలుగు నిమిషాలాగి పైన తేలిన తెట్టు కదిలించాలి. చల్లారాక చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా జుర్రాలి, అప్పుడే నోరంతా పరుచుకుంటుంది. చెంచా కడుక్కుని తర్వాతి గిన్నెకు వెళ్లాలి. నేను జుర్రి చూపించాను.

"పెండ్లిల పప్పుచారు జుర్రినట్టు గిదేం జుర్రుడు?" అంది. ఆ తర్వాత అసలు అభ్యంతరం చెప్పింది. "ఒక్క చెంచ అన్ని గిన్నెలల్ల ముంచుతవా? ఎంగిలి గాదా?"

"కడుగుతున్న గదవ్వా."

"ఎంగిలి నీళ్లల్లనే గద కడుగుడు. నీ చెంచ నాకొద్దు, గిలాసలల్ల పొయ్యి."

హైదరాబాద్‌లో ఒకే బల్ల చుట్టూ పది మందిమి పదుల గిన్నెల్లో చెంచాలు ముంచేవాళ్లం. అది ఎంగిలి అని ఎవరికీ గుర్తు రాలేదు, ఇదే జిల్లాలో పుట్టిన నాకు కూడా. ఇంట్లో ఉన్న స్టీలు గిలాసలన్నీ తెచ్చాను. సరిగ్గా తొమ్మిది. అందుకని ఒక్కో నమూనా మూడు గిలాసల్లో పోశాను. ఏది ఏదో గిలాస అడుగున చీటీ అంటించి, వరుస కలిపేశాను.

అవ్వ గిలాస పెదవికి తాకనీయలేదు. తల వెనక్కి వంచి ఎత్తి పోసుకుంది. సన్నటి ధార గాలిలోంచి నోట్లో పడుతుంటే నాకు నవ్వొచ్చింది. మాకు జుర్రడం నేర్పింది కాఫీకి గాలి తగలడం కోసమే. అవ్వ చప్పుడు లేకుండా అదే చేసింది.

తొమ్మిదీ చూశాక మళ్లీ మొదటికి వచ్చింది. "నన్ను పరీక్ష పెడ్తున్నవు గదా," అంది. తనకు తెలిసిన లెక్కలో చెప్పడం మొదలుపెట్టింది. ఐదు గిలాసలు నీడన ఎండిన పువ్వు. మూడు నడి ఎండల ఎండిన పువ్వు, కొంచెం బెల్లం లెక్క. అన్నీ మంచివే. ఒక గిలాసను మాత్రం దూరంగా జరిపింది.

"గిది తడిసిన పువ్వు. వాన పడ్డదో, మంచుకు వదిలిండ్రో. సారకు గూడ పనికిరాదు."

చీటీలు తిప్పి చూశాను. బెల్లం అన్న మూడూ మొదటి బస్తావి. నీడ అన్న ఐదింటిలో మూడు రెండో బస్తావి, రెండు మూడో బస్తావి. దూరం జరిపిన గిలాస కూడా మూడో బస్తాదే. ఒకే పొట్లంలోంచి తీసిన గింజల పొడి రెండు గిలాసల్లో మంచిదై, ఒకదాంట్లో చెడ్డదైంది. అవ్వ పొరబడిందనుకున్నాను. ఆ మాట నా ముఖంలో కనబడి ఉంటుంది.

"నీకు వాసన ఒస్తలేదు గని, నాకు ఒస్తలేదా?" అంది.

ముక్కు సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. రాత్రి కూర మాడితే నేను తల ఎత్తకుండా తింటున్నప్పుడే తెలిసిపోయిందట.

అప్పుడు తీరిగ్గా ఆలోచించాను. ఒక గిన్నెకు పట్టేవి కొన్ని పదుల గింజలు. అందులో ఒక్క చెడ్డ గింజ పడినా ఆ గిన్నె మొత్తం పాడవుతుంది, పక్క గిన్నెకు ఏమీ కాదు. నమూనాను ఒకటికి మించిన గిన్నెల్లో పోయమని మాకు నేర్పింది అందుకే. అంటే పొరపాటు అవ్వది కాదు, బస్తాలో రెండు రకాల గింజలు కలిశాయి. మూడో పొట్లంలో మిగిలినదాన్ని మళ్లీ ఐదు గిలాసలకు, ఒక్కోదానికి గింజలు విడిగా తూచి, విడిగా పొడి చేసి పోశాను. అవ్వ రెండు పక్కకు జరిపింది. ఈసారి నేను చీటీలు అంటించలేదు.

రైతు సంఘంలో నాతో మాట్లాడే అక్కకు ఫోన్ చేశాను. మూడో బస్తాలో తడిసిన పండు కలిసిందా అని అడిగాను. రెండు మంచెల మీద ఎండిన పండు అందులో కలిపామనీ, ఒక మంచె మీద సాయంత్రం పూట వాన పడిందనీ, పట్టా కప్పడం ఆలస్యమైందనీ చెప్పింది. ఎట్లా పట్టుకున్నారని అడిగింది. మా అవ్వ అన్నాను. మొదటి రెండు బస్తాలు తీసుకుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నా మొదటి కాఫీ నిలబడింది. బస్తా తక్కువైనా దుకాణం తెరవడానికి సరిపోతుంది.

ఆ సంతోషంలో అవ్వకు అంతా చెప్పాను. తను అన్నమాట నిజమైందని ఆమె పొంగిపోలేదు.

"మరి గా బస్తా ఏం జేస్తరట?" అంది.

నేను అడగలేదన్నాను.

"మేం పువ్వు మోసుకపోతే సేటు గుప్పెడు తీసి వాసన చూసెటోడు. తడిసిందని గంప మొత్తం పక్కకు పెట్టెటోడు. మంచి పువ్వు గూడ అండ్లనే ఉండె. గంత దూరం మళ్ల ఇంటికి మోసుకొచ్చినం," అంది. కోపంగా అనలేదు. రొట్టె చల్లారిందని చెప్పే గొంతుతోనే అంది.

నేను రాసుకున్న కాగితంలో బస్తా తీసుకోవాలా వద్దా అనే ఉంది. బస్తా పండించినవాళ్ల వరుస అందులో లేదు. మళ్లీ ఫోన్ చేశాను. తడిసిన పండు లోపలి గింజ కొంచెం ఎర్రగా మారుతుందని, వెలుతురులో ఏరితే చాలావరకు దొరుకుతుందని ఆ అక్కే చెప్పింది. వాళ్ల దగ్గర ఏరేవాళ్లకు తీరిక లేదట. మా దగ్గర ఉందా అని అవ్వను అడిగాను.

"చాట ఉన్నది, కండ్లున్నయి," అంది.

మూడో బస్తా కూడా వచ్చింది. వారం రోజులు, గిర్ని ముందు నీడలో, పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు తమ వంతు వచ్చేదాకా అవ్వ పక్కన కూర్చుని గింజలు ఏరారు. గిర్ని ఆగినప్పుడల్లా బాపు అద్దాలు పెట్టుకుని చాట ముందేసుకునేవాడు. ఆయన పక్కకు తీసినవాటిలో సగం మంచి గింజలే ఉండేవి. అవ్వ ఆయన చూడకుండా వాటిని మళ్లీ చాటలో వేసేది.