దసరాకు ముందే నిష్పత్తి

పిల్లలకు పాఠం అర్థం కాలేదంటే టీచరు గొంతు చాల్లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. శాలిబండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సోషల్ చెప్పడం నా మొదటి ఉద్యోగం. కిషన్‌బాగ్ నుంచి రెండు షేర్ ఆటోలు మారి వెళ్లేదాన్ని. జూలైలో మ్యాపు స్కేలు పాఠం వచ్చింది. మ్యాపు మీద ఒక సెంటీమీటరు ఉంటే నేల మీద ఎన్ని కిలోమీటర్లో లెక్కకట్టడం. ఎంత అరిచి చెప్పానంటే, పక్క కార్ఖానాలో గాజులకు రాళ్లు అతికించేవాళ్లకు కూడా వచ్చేసి ఉంటుంది. మా పిల్లలకు మాత్రం రాలేదు. యూనిట్ టెస్టులో ఆ ప్రశ్నకు క్లాసంతా గుండుసున్నా. హెడ్ మేడమ్ పిలిచి కోప్పడలేదు, అందుకే ఇంకా భయం వేసింది. "దసరా పరీక్షల దాకా చూస్తనమ్మా. అప్పటికి గూడ రాకపోతే వేరే టీచర్ను చూసుకోవాల్సొస్తది" అన్నారు.

మొదటి బెంచీ పిల్లను పట్టుకుని ఎందుకు రాలేదే అని నిలదీశాను. "నిష్పత్తి తెలిస్తే గిది వస్తదంట టీచర్, మా అక్క చెప్పింది. అది లెక్కల సారు దసరా అయినంక చెప్తరు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా లెక్కల సారు దగ్గరికి వెళ్లి, నిష్పత్తి కాస్త ముందు చెప్పమని అడిగాను. "ఇరవై ఏండ్ల సంది దసరా అయినంకనే చెప్తున్న. నీ మ్యాపు కోసం పుస్తకం తిరగేయాల్నా ఏంది?" అన్నారాయన. సరే, ఏడో తరగతికి ఎవరు ఏ నెలలో ఏం చెబుతున్నారో అంతా ఒకే చార్టు మీద పెట్టి ఆయన కళ్లెదుట వేలాడదీస్తానని ఆ పూటే నిశ్చయించుకున్నాను. (దీన్ని కరిక్యులమ్ మ్యాపింగ్ అంటారని చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగ్‌లో తెలిసింది. అప్పట్లో నేను పంతం అనుకున్నాను.)

రోజూ ఏం చెప్పామో రాసే డైరీలుంటాయి కదా, అందరివీ అడిగి తెచ్చుకున్నాను. పాత క్యాలెండర్ల వెనక రోజుకో గడి చొప్పున గీసి, మూడు సాయంత్రాలు కూర్చుని నింపి, స్టాఫ్ రూములో అతికించాను. మేడమ్ అద్దాలు సర్దుకుని చదివి, "బోనాల సోమవారం బడికి తాళముండె గదా, అందరు పాఠాలు ఎట్ల చెప్పిన్రు?" అని అడిగారు. మా బడిలో డైరీ రాయడమంటే పోయినేడాది డైరీని తేదీలతో సహా దించుకోవడమే. (ఆదివారాలు మాత్రం సర్దుకునేవాళ్లం. బోనాలు ఏటా తేదీ మారతాయని ఎవరికీ తట్టలేదు.) కొత్తదాన్ని కదా, నేనొక్కదాన్నే ఇలా చేస్తున్నాననుకుని అందరికంటే శ్రద్ధగా దించాను. నాకు ముందున్న టీచరు "జ్వరం, సెలవు" అని రాసుకుంటే అదీ దించేశాను. అంటే, నేను మ్యాపు స్కేలు చెబుతూ గొంతు చించుకున్న రోజున, నా డైరీ ప్రకారం నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అది చదివి లెక్కల సారు నవ్వారు. ఆ డైరీలన్నిటి మీదా సంతకాలు మేడమ్‌వే కాబట్టి, ఆవిడ మెల్లగా అద్దాలు తీసి పెట్టెలో పెట్టుకున్నారు.

సిగ్గుతో రెండు రోజులు తలెత్తలేదు కానీ పంతం వదల్లేదు. ఈసారి పిల్లల నోట్సులు పోగేశాను. వాళ్లు ఏ రోజు చెప్పింది ఆ రోజే రాసుకుంటారు. రాబోయే పాఠాలు మాత్రం ఏ సబ్జెక్టువి ఆ టీచర్నే అడిగి రాశాను. కొత్త చార్టులో అసలు సంగతి బయటపడింది. సైన్సు, లెక్కలు, సోషల్ ముగ్గురం ఒకే నెలలో సెంటీమీటర్లూ కిలోమీటర్లే విడివిడిగా చెప్పాం. ముగ్గురికీ పనికొచ్చే నిష్పత్తి మాత్రం దసరా అవతల ఉంది. లెక్కల సారు ఆ మూడు గళ్ల మీదా వేలు పెట్టి చూసుకున్నారు. "ముగ్గురం ఒకటే చెప్పుకుంట కూసున్నం. నాలుగు పీరియడ్లు ఇయ్యమ్మా, ముందుగాలనే చెప్త" అన్నారు. నా సోషల్ పీరియడ్లు నాలుగు ఇచ్చేశాను.

ఆయన చెప్పిన వారానికి నేను మళ్లీ మ్యాపు పరిచాను. మొదటి బెంచీ పిల్ల మన ఊరి మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచి, లెక్కకట్టి, తలెత్తి అడిగింది: "కిషన్‌బాగ్ గింత దగ్గర్నేనా టీచర్? మరి మీరు రోజూ లేటెందుకైతరు?" క్లాసు గొల్లుమంది. అంత సంతోషం నాకు మళ్లీ ఏ మార్కుల లిస్టు చూసినా కలగలేదు. దసరా పరీక్షలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఆ లెక్క చేశారు, నా ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు తలచుకుంటే, అప్పటి నేనైన ఆ కొత్త టీచరమ్మాయి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో చార్టు గీసి, పిల్లల కోసమే గీశానని ఊరంతా చెప్పుకుంది. పిల్లలు పాపం నమ్మేశారు. వాళ్లు నమ్మారు కనుకే, మరుసటి ఏడు ఎవరూ బెదిరించకపోయినా జూన్‌లోనే కూర్చుని మళ్లీ గీసింది.