రాళ్ళని చెప్పిన ఆపరేషన్

మా కృష్ణ నీళ్ళు పారతాయి గానీ పడవు. పైనుంచి పడే నీళ్ళు చూడాలంటే బ్యారేజీ గేట్లు ఎత్తాలి. వాటి కింద నిలబడి తల తడుపుకోవడం కుదరదు. అందుకే ట్రీట్‌మెంట్ పూర్తయిన ఏడాదికి ఏం కావాలో అడగమని మా ఆయన అంటే, చీరా వద్దు, గాజులూ వద్దు, జలపాతం కింద నిలబడాలన్నాను.

నాకు కుడి రొమ్ము తీసేశారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చాలా కాలం నన్ను చెప్పనివ్వలేదు. చుట్టాలందరి లెక్కలో నాకు జరిగింది కిడ్నీలో రాళ్ళ ఆపరేషన్. ఆ కథ కట్టింది మా వదిన, మా ఆయనకు అక్కగారు. "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం. తల్లికి ఆ జబ్బంటే ఎవడొస్తాడే?" అంది. మంచం మీదున్నదాన్ని, పోట్లాడే ఓపిక లేక ఊఁ అన్నాను. ఆ ఒక్క ఊఁ నా ప్రాణం తోడేసింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ రాళ్ళు కరుగుతాయని అరటి దూట పట్టుకొచ్చారు. లేని రాళ్ళ కోసం గ్లాసులకు గ్లాసులు ఆ రసం తాగాను. కీమోకి జుట్టు ఊడిపోతే తిరుపతి మొక్కని చెప్పింది వదిన. దేవుణ్ణి కూడా అబద్ధంలోకి లాగింది.

రేడియేషన్ ఇచ్చినన్ని వారాలూ ఛాతీ మీద ఇంకుతో గీతలు గీసి, అవి చెరగకూడదు, నీళ్ళు తగలనివ్వొద్దన్నారు. కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని. బెజవాడ మే నెల ఎండలో తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటూ బతికాను. ఇది అయిపోనీ, సరిగ్గా ఈ చోటే నీళ్ళు ధారగా పడేట్టు నిలబడతాను, ఎవరడ్డమొస్తారో చూస్తానని అప్పుడే అనుకున్నాను.

వానలు తగ్గాక ఒక ఆదివారం తెల్లారుజామున బయల్దేరాం. మా ఆయన కారు నడిపారు. మా అమ్మాయి, నేను, వదిన, వాళ్ళాయన. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. ఉయ్యూరులో చెరుకు వేస్తారు. ఆయనకూ రాళ్ళ కథే తెలుసు. "చెప్తే పేకాట దగ్గర వాగేస్తారు" అని కట్టుకున్నవాడి దగ్గర కూడా దాచింది వదిన.

జంగారెడ్డిగూడెం దాటి ఏజెన్సీ అడవిలోకి వెళ్ళాక కారు ఆపి నడిచాం. చెట్ల మధ్య ఆకాశం కనపడదు. నేలంతా తడి. ఎండ వచ్చినా ఆకుల మీంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. జలపాతం కనపడగానే అన్నయ్యగారు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయారు. "ఎన్ని నీళ్ళు ఊరికే పోతన్నాయి. ఒక్క ఎకరం తడవట్లా" అని బాధపడ్డారు. డెల్టా మనిషి మరి.

వదిన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "నువ్వు గట్టున కూర్చో. తడిస్తే తెలిసిపోద్ది. సంచుల దగ్గర ఎవరో ఒకళ్ళుండాలిగా."

"సంచులకేం కాళ్ళున్నాయా వదినా?" అని చెయ్యి విడిపించుకున్నాను.

నీళ్ళలో దిగాను. ధార ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే తుంపరకి చుడీదార్ మొత్తం తడిసింది. లోపల రొమ్ము బదులు పెట్టుకున్న మెత్త కూడా తడిసింది. ఆ మెత్త వదినే కుట్టింది. మంగళగిరి నేతగుడ్డలో దూది కూరి, బరువు కోసం గుప్పెడు ఆవాలు పోసింది. పనితనానికి వంక పెట్టలేం. కానీ నీళ్ళు పీల్చి బరువెక్కి, అది మెల్లగా జారి పొట్ట మీదికి వచ్చి కూర్చుంది. గట్టు మీంచి వదిన పమిట సర్దుకుంటున్నట్టు నటిస్తూ, పైకి తోసుకో, పైకి తోసుకో అని సైగలు. నాకు ఒళ్ళు మండింది. మెడ దగ్గర్నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, అక్కడున్న ముప్ఫై మంది చూస్తుండగా దాన్ని బయటికి లాగేశాను.

"ఏవండీ, కాస్త ఇది పట్టుకోండి."

మా ఆయన ప్యాంటు మడుచుకుని మోకాలి లోతులో నిలబడి ఉన్నారు. ఈయన ఇప్పుడు తల తిప్పుకుంటే బతికినంత కాలం క్షమించను అనుకున్నాను. ఆయన వచ్చారు. రెండు చేతులా పిండారు. తీసుకెళ్ళి ఎండ తగిలే బండ మీద, తన తువ్వాలు పక్కన ఆరేశారు.

అన్నయ్యగారు దగ్గరికొచ్చి వంగి చూశారు. "ఏంటి బావా అది?"

"రొమ్ము లేనిచోట పెట్టుకునేది బావగారూ. దానికి క్యాన్సరొస్తే తీసేశారు. రాళ్ళు కాదు."

మా ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. అన్నయ్యగారు నావైపు తిరిగి, "మరి నేను తెచ్చిన దూటలు?" అన్నారు. నవ్వాపుకోలేక ధార కిందికి వెళ్ళిపోయాను.

ఆపరేషన్ చేసిన చోట సగం మేర స్పర్శ లేదు. తెలిసినచోట నీళ్ళు సూదుల్లా పొడిచాయి. తెలియనిచోట ఒట్టి బరువు. అయినా కదల్లేదు. ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చాను. ఎవరైనా చూస్తే చూడనీ.

బట్టలు మార్చుకోవడానికి అక్కడ గది లేదు. వదిన ఒక చీర తీసి ఒక కొసని చెట్టుకి కట్టి, రెండో కొసని తను పట్టుకుని నన్ను చాటుకి రమ్మంది. అమ్మాయి పొడి బట్టలు ఇచ్చి వెళ్ళింది. ఇప్పుడు మొదలుపెడుతుంది తిట్లు అనుకుని నేను కూడా సిద్ధమయ్యాను. వదిన నా కుట్ల గీత వైపు మొదటిసారి తిన్నగా చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని తన జాకెట్ పక్కన, చంక కిందుగా ఆనించింది.

"ఇక్కడ చూడవే."

చిక్కుడు గింజంత గట్టిగా తగిలింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీకు కీమో నడుస్తున్నప్పట్నుంచి. భయమేసిందే."

జాలి పడాల్సింది. ముందు కోపమే వచ్చింది. నా నోరు నొక్కిన మనిషి తన నోరూ నొక్కుకుని ఇన్నాళ్ళు కూర్చుంది. ముప్ఫయ్యేళ్ళుగా మీరు అంటున్నదాన్ని, ఆవిణ్ణి నువ్వు అనేశాను. "నీకు బుద్ధుందా? నా పక్కన కూర్చుని బత్తాయిలు వలిచి పెట్టావే, అప్పుడైనా చెప్పాలనిపించలేదా?" అని తిట్టాను. తిడుతూనే బట్టలు వేసుకున్నాను. తిడుతూనే ఆవిడ కళ్ళు తుడిచాను.

"మీ అన్నయ్యగారికి నువ్వు చెప్పవే" అంది.

"నేను చెప్పను. నీ ఒళ్ళు, నీ నోరు. నీ పక్కన మాత్రం నిలబడతా."

అన్నయ్యగారు బండ మీద కూర్చుని పులిహోర తింటున్నారు. వదిన వెళ్ళి ఎదురుగా నిలబడి, పమిట కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఏవండీ, నేను రేపు ఉయ్యూరు రాను. బెజవాడలో ఆగిపోతా. నాకూ రొమ్ములో గడ్డుంది, చూపించుకోవాలి."

నీళ్ళ హోరులో ఆయనకు వినపడలేదు. "ఏంటీ?" అన్నారు.

వదిన వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను కదల్లేదు. అప్పుడు ఆవిడ పమిట వదిలేసి, పక్క చాప మీద వాళ్ళు కూడా తలెత్తి చూసేంత గట్టిగా ఇంకోసారి చెప్పింది.