తువ్వాలు కింద కారు బేరం

నేను పెంచి చెబుతాను. ఇంట్లో బల్లి పడితే వీధిలో మొసలి అని చెప్పే రకం. కాబట్టి ఇందులో కనబడే ప్రతిదాన్నీ నాలుగుతో భాగించుకుని చదువుకోండి.

రెండువేల సంవత్సరం దాటాక, మేము పెనుకొండలో ఉన్నప్పుడు, నా భార్యకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు బెంగళూరు వెళ్లాలి. మేమెక్కే బస్సు గతుకుకూ గతుకుకూ మధ్య మాత్రమే నేలను తాకేది. తిరిగొచ్చేటప్పుడు ఆమె అందులో రెండుసార్లు స్పృహ తప్పింది. "ఇంక బస్సు నా చేత కాదు. ఏమైతే అదవుతాది, ఇంటికాడే ఉంటా" అంది, శాంతంగా. అందుకని కారు. సోమవారం లోపల కావాలి.

ధర్మవరం నుంచి మా మామ వచ్చాడు. నలభై ఏళ్లుగా ఎద్దుల దళారి. "నీ నోరు బేరానికి పనికిరాదు అల్లుడా, ఊరికే కూచో" అన్నాడు. కూర్చున్నాను.

హిందూపురం షోరూములో గచ్చు ఎంత నునుపంటే, గుమ్మంలో చెప్పులు విడిచిన మామ అడుగు వేయకుండానే కారు దగ్గరికి చేరాడు. టై కట్టుకున్న సేల్స్‌మన్ ధర చెప్పాడు. అది నాకు ఎక్కువనీ అనిపించలేదు, తక్కువనీ అనిపించలేదు. వారం రోజులుగా కాఫీలో చక్కెర ఉందో లేదో కూడా తెలియడం లేదు.

మామ బానెట్టు మీద చరిచాడు. "ఏమప్పా, దీనికి పండ్లెన్ని?"

"సార్?"

"పండ్లు చూసే కదప్పా ఎద్దుకు వయసు కట్టేది. వయసెంతని అడుగుతాండా."

"కొత్త బండి సార్."

"అమ్మేటోళ్లంతా అదే చెప్తారులే."

ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద అవతలివాడి వేళ్లు పట్టుకుంటారు. పట్టుకున్నన్ని వేళ్లే లెక్క. ఒప్పుకున్నవాడు చెయ్యి ఊపుతాడు, అంతే. మామ భుజం మీది తువ్వాలు తీసి సేల్స్‌మన్ చేతి మీద కప్పి, మూడు వేళ్లు పట్టుకున్నాడు. వేలికి పదివేల చొప్పున ముప్పై వేలు తగ్గించమని. అతను షేక్‌హ్యాండ్ అనుకుని, చేతిపంపు కొట్టినట్టు ఊపాడు.

"కుదిరిపాయ. లెయ్ అల్లుడా."

"ఏం కుదిరింది సార్?"

"ముప్పై వేలు తగ్గిస్తానని చెయ్యిచ్చినావు కదప్పా."

"నేను నోరే తెరవలేదు కదా పెద్దాయనా."

"నోటితో చేసే యాపారం యాడుండాది? చెయ్యిచ్చి మాట మారిస్తే సంతలో నిన్ను మనిషని ఎవురూ అనరు."

చెయ్యివ్వడమంటే మామకు ఒప్పుకోవడం, మిగతా లోకానికి మోసం చేయడం. షోరూమంతా పని ఆపి చూసింది. హిందూపురమంతా ఆపిందని రాయబోయి మానుకున్నాను. చివరికి మేనేజరు లోపల్నుంచి వచ్చి, పెద్దాయన మాట తీసెయ్యలేమని ధరలోంచి ముప్పై వేలూ కొట్టేశాడు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. పండ్లు అడగడం, తువ్వాలు, ఊపిన చెయ్యి, అన్నీ జరిగాయి. ధర తగ్గడం మాత్రం జరగలేదు. మేనేజరు నన్ను లోపలికి పిలిచి, ఇది కాదంటే వచ్చే నెల దాకా బండి రాదన్నాడు. సోమవారానికి నాలుగు రోజులే ఉన్నాయి. రాసిన ధరకే సంతకం పెట్టాను. బయట మామ "ఏమన్నాడు?" అని అడిగాడు. "తగ్గించినాడు మామా" అన్నాను. ఆ రోజు ఆయన కోసం కల్పించిందే పైన రాశాను.

సోమవారం ఆమె వెనక సీట్లో పడుకుని వచ్చింది. హిందూపురం దాటాక, "మా నాయన ముప్పై వేలు తగ్గించినాడంట గదా" అంది.

ఊఁ అన్నాను.