అదిమిన అరచేతులు

గచ్చిబౌలి వంతెనకు లెక్కలు కట్టిన ఇంజనీరమ్మ నా ఛాయ్ బండి దగ్గర ఎప్పుడూ అరచేతిమీద అరచెయ్యి అదిమి చెప్పేది: "కింద ఇనుప దూలం, పైన కాంక్రీటు. రెండూ కలిసే వంగాలమ్మా. ఒకటి జారిందా, ప్రమాదమే."

బరువు పరీక్ష రోజు ఇసుక లారీలు వంతెన ఎక్కాయి. మొదటిది మా ఆయనది. "ఏందే, గట్ల చూస్తవ్? ఛాయ్ ఉంచు!" అని నవ్వుతూ ఎక్కించాడు.

ఇంజనీరమ్మ పోయి, సరిగ్గా ఆ లారీ ఆగిన చోటనే, వంతెన కింద నిలబడింది.

"మేడం, జర ఇవతలికి రండి! భయమైతలేదా?"

"అవుతోందమ్మా. లెక్క నాది. మీ ఆయన పైనుంటే నేను పక్కనెలా ఉంటాను?"

దూలం మూలిగింది. కళ్లు మూసుకున్నాను.

లారీలన్నీ క్షేమంగా దిగాక ఆమెకు ఛాయ్ గ్లాసు అందించాను. ఒకదానిమీద ఒకటి అదిమిన ఆమె అరచేతులు ఇంకా విడిపడలేదు. నేనే తాగించాను.