పెద్ద రోడ్డు మీద ఎర్ర గీత

మా సిద్దిపేట పెద్ద రోడ్డును ఇప్పుడు అందరూ తెగ పొగుడుతారు. మధ్యలో డివైడర్, దాని మీద పూలమొక్కలు, స్తంభాలకు చుట్టిన రంగు దీపాలు. చింతమడక లాంటి పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు కూడా దిగి ఓ ఫొటో తీసుకుంటారు. తీసుకోనివ్వండి. అది ఎలా వెడల్పయిందో కళ్లారా చూసినదాన్ని, నాకు మాత్రం అక్కడ నిలబడి నవ్వబుద్ధి కాదు.

మా బాపు బోర్డులు రాసే పెయింటర్. ఒకప్పుడు ఆ రోడ్డు మీద బట్టల దుకాణాలు, మందుల షాపులు, హోటళ్లు, సగం పేర్లు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. రోడ్డు వెడల్పు పని మొదలైనప్పుడు కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజర్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఏ కట్టడం ఎంతవరకు కూల్చాలో గోడల మీద ఎర్ర గీత గీయాలట. తాను పేర్లు రాసిన గోడలకే కూల్చివేత గుర్తు పెట్టమంటున్నారు. వినగానే నాకు ఒళ్లు మండింది.

బాపు మాత్రం బ్రష్షు తీసుకుని బయల్దేరాడు. "రోడ్డు అందరిది బిడ్డా. ఎవలో ఒకలు గీసుడే గదా. నేను గీస్తే సక్కగ వస్తది," అన్నాడు.

చక్కగానే గీశాడు. అదే రోడ్డు మీద బాపు బోర్డులు రాసుకునే మా చిన్న దుకాణం వంతు వచ్చినప్పుడు నేను అన్నం తీసుకుని వెళ్లాను. సూపర్‌వైజర్ టేపు పట్టుకుని మొహమాటంగా నిలబడ్డాడు. బాపు కొలత చూసి, గుమ్మం దాటి లోపలికి వెళ్లి, తాను కూర్చునే స్టూలు పక్కనే గీత గీశాడు. సగం దుకాణం పోయినట్టే.

మాకు కాస్త అవతల ఒక పెద్దమనిషి మూడంతస్తుల బంగళా ఉంది. పొలాలు, వ్యాపారం, రాజకీయం అన్నీ ఉన్న ఆసామి. అక్కడ కొలిస్తే టేపు బంగళా ముందున్న వరండా స్తంభాల మధ్యకు వచ్చింది. బాపు అక్కడే గీశాడు. మర్నాడు చూస్తే ఆ గీత మీద సున్నం కొట్టి ఉంది.

"గా గీత తప్పు పడ్డది. బయటి మెట్ల కాడ గీయి," అన్నాడు సూపర్‌వైజర్.

"టేపు తప్పా, నా చెయ్యి తప్పా?"

"గవన్ని నీకెందుకే? ఫోనొచ్చింది."

బాపు రంగు డబ్బాకు మూత పెట్టాడు. "అయితే ఫోన్ జేసినోన్నే గీసుకొమ్మను," అని ఇంటికొచ్చేశాడు. మెట్ల దగ్గర గీత ఇంకెవరో గీశారు.

జేసీబీలు వచ్చాయి. మా దుకాణం సగమైంది. పక్కనున్న ముసలమ్మ టీ హోటల్ మొత్తం పోయింది. రోడ్డు ప్రారంభం రోజు ఆ పెద్దమనిషే మైకు పట్టుకుని ఊరి కోసం త్యాగం చెయ్యాలని చెప్పాడు. ఆయన త్యాగం చేసింది మాకైతే ఒక్క మెట్టు కూడా కనబడలేదు. ఇవాళ్టికీ రోడ్డు తిన్నగా వచ్చి ఆ బంగళా ముందు ఇరుకై వంకర తిరుగుతుంది. బస్సు డ్రైవర్లు అక్కడ తిట్టుకుంటూ స్టీరింగ్ తిప్పుతారు.

కొన్నాళ్లకు ఆ పెద్దమనిషే బాపును పిలిపించాడు, నేనూ వెంట వెళ్లాను. ఏ సంకోచమూ లేదు.

"బంగళా మీద పేరు రాయాలె. ఫ్లెక్సీ గిక్సీ వద్దు, నీ చేతి రాతే కావాలె."

బాపు గోడకేసి చూశాడు, వెనక్కి తిరిగి రోడ్డుకేసి చూశాడు. "అక్షరాలు రాసేటోడు ఎనుకకు జరిగి చూసుకోవాలె సారూ. మీ గోడ రోడ్డు మీదికే వచ్చె. ఎనుకకు జరిగితే నన్ను బస్సు గుద్దుతది."

ఆయనకు ఎక్కినట్టు లేదు. "అట్లనా," అన్నాడు తాపీగా. నాకు నవ్వు ఆగక అటు తిరిగి నిలబడ్డాను.

తర్వాత హైదరాబాద్ నుంచి ఇత్తడి అక్షరాలు తెప్పించి బిగించుకున్నాడు. అందులో ఒక ఒత్తు తప్పు. రోజూ ఎంతోమంది దాని కిందనుంచే పోతారు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.