హజ్రా బీ దబ్బనాలు

మిరపకాయల టిక్కీ, అంటే గోనె బస్తా, కుట్టడం ఒకసారి చేసి చూస్తే గాని తెలియదు. కాయని సంచిలో పోసి, కాళ్ళతో తొక్కి, ఇంక పట్టదు అన్నాక మరో నాలుగు దోసిళ్ళు కూరి, అప్పుడు పిలుస్తారు మూతి కుట్టేవాళ్ళని. గోనె బిర్రబిగుసుకుని ఉంటుంది. ఘాటుకి కళ్ళు మండిపోతుంటాయి. నరసరావుపేట కోల్డ్ స్టోరేజీల దగ్గర హజ్రా బీ పెళ్ళైన ఏడాది నుంచీ చేస్తున్నది ఈ పనే. ఆమె అరచేతిలో గీతలు ఏనాడో మాసిపోయాయి, మిగిలినవన్నీ దబ్బనం గుచ్చుకున్న గుర్తులే. నోరు మాత్రం దివ్యంగా ఉంది. మేస్త్రీ కూడా ఆమెతో మాట్లాడాల్సి వస్తే కాస్త ఎడంగా నిలబడి మాట్లాడతాడు.

ఆమె పోరాటమంతా దబ్బనంతోనే. బజార్లో దొరికేవి రెండు టిక్కీలు కుట్టేసరికి వంకర తిరుగుతాయి. సాయంత్రం ఇంటికి రాగానే ఆ వంకర దబ్బనాన్ని మొగుడి ముందు పడేసి, "ఇనుముతో పని చేసేవాడి పెళ్ళాన్ని, నా గతి చూడయ్యా" అని సాధించేది.

మొగుడు నాగూర్ వలి లేతు పనివాడు. వేణుమాధవ్ అనే షావుకారు పెట్టిన వర్క్‌షాపులో తిప్పుడు పనంతా అతనిదే. మాటలు తక్కువ. భార్య పది మాటలంటే ఒక్కదానికి బదులు చెప్పి, ఆ ఒక్కటీ ఎందుకు చెప్పానా అని బాధపడే రకం.

మొన్న ఎండాకాలంలో ఆ వర్క్‌షాపుకి హైదరాబాదు కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. అరచేయంత పొడుగున్న ఉక్కు పుల్లలు, ఒక చివర తోక, ఇంకో చివర చదునుగా మూతి. పంపుల్లో వేసే పిన్నులని చెప్పారు. ఆంక్షలు మాత్రం అన్నీ ఇన్నీ కావు. ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో వేసి లోపలికి పోవాలి. చెడిపోయిన ముక్కలు కూడా తూకం వేసి తిరిగి పంపాలి, ఒక్కటి కూడా గడప దాటకూడదు. పంపు పిన్నుకి ఇంత బడాయా అని నాగూర్ వలి నవ్వుకున్నాడు.

వెంట్రుకవాసి తేడా వచ్చిన పుల్లలు చెత్త డబ్బాలో తళతళమంటూ పడి ఉంటే అతనికి భార్య చెయ్యి గుర్తొచ్చింది. ఒకటి తీసుకుని చదును మూతిని సాన మీద పదునుపెట్టి, తోకలో బెజ్జం వేశాడు. తూకం తగ్గకుండా డబ్బాలో పాత బోల్టొకటి వేశాడు, ఆ సంగతి ఇంట్లో భార్యకీ చెప్పాడు. పారేసేదాన్ని పెళ్ళానికిస్తే దొంగతనమెలా అవుతుంది? అదీ అతని లెక్క.

ఆ దబ్బనం వంగలేదు, విరగలేదు. గోనెలో దిగుతుంటే తెలియను కూడా తెలియలేదు. హజ్రా బీ ఆ రోజు పట్టలేని సంబరంతో మొగుణ్ణి నలుగురిలో పొగిడింది, అదీ మొదటిసారి. పొగిడాక ఊరుకుంటారా ఆడవాళ్ళు? "మాకూ తెప్పించక్కా" అని వెంటబడ్డారు. నాగూర్ వలి తెచ్చిచ్చాడు. కొన్నాళ్ళకి ఆ కూలీల ముఠాలో ప్రతి ఆడమనిషి నడుముకీ ఒక పంపు పిన్ను వేలాడుతోంది.

ఒకనాడు మధ్యాహ్నం అన్నాలు తింటుండగా, వాళ్ళలో ఒకావిడ ప్రేమమ్మ ఫోను చూస్తోంది. ఆవిడకి ఫోను లేకపోతే ముద్ద దిగదు. ఏదో ఆయుధాల ప్రదర్శన వీడియో వచ్చింది. నీళ్ళ అడుగున ఈదుతూ పోరాడే సైనికుల తుపాకి అని ఒకతను గుక్కతిప్పుకోకుండా చెబుతున్నాడు. మామూలు తూటా నీళ్ళలో నాలుగడుగులు పోయేలోపే చచ్చుబడుతుంది కాబట్టి దీనికి సూదిలాంటి తూటా పెట్టారట. అంటూనే తూటా విప్పి, లోపలి సూదిని తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇదేంది వదినా," అని నవ్వింది ప్రేమమ్మ, "మన దబ్బనం లాగుందే!"

హజ్రా బీ వంగి చూసింది. అదే పొడుగు, అదే తోక. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. తన నడుముకున్నదాన్ని తీసి ఫోను పక్కన పెట్టింది. బెజ్జమూ, పదునూ తప్ప తేడా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అమ్మో, దీన్ని నేను పళ్ళతో కరిచి పట్టుకుంటన్నానే రోజూ!" అంది ప్రేమమ్మ.

"నేను మా పిల్లోడి చెప్పు కుట్టా దీంతో," అని రోహిణి తన దబ్బనాన్ని పామును విదిలించినట్టు విదిలించేసింది.

ఎన్నికలొస్తే మాచర్ల, గురజాల వైపు నాటు బాంబుల కోసం గడ్డివాముల్లో కూడా పొడిచి చూసే పోలీసులున్న జిల్లా ఇది. ఇక్కడేమో ఆడవాళ్ళ నడుముల్లో సైన్యం తూటాలు. పైగా చేసి పంచినవాడి పేరు నాగూర్ వలి. పేరు చూసి ముందు లోపలేస్తారు, సంగతేందని తర్వాత అడుగుతారు. హజ్రా బీ భయం అదీ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

అన్నం డబ్బా ఖాళీ చేసి దబ్బనాలన్నీ అందులో వేయించింది. నాగవల్లి అనే ఆమెది మాత్రం దొరకలేదు. లోడు లారీ హారను కొడితే కుడుతున్న సంచికే దబ్బనం గుచ్చి పరుగెత్తడం ఆ ఆడవాళ్ళ అలవాటు. ఆ సంచి కాస్తా చలిగదిలోకి పోయింది. నలుగురూ కొంగులు ముక్కుకి కట్టుకుని, చలికి వణుకుతూ, ఘాటుకి తుమ్ముతూ వరసలన్నీ తడిమి దాన్ని పట్టుకున్నారు.

హజ్రా బీ ఆటో ఎక్కి సరాసరి వర్క్‌షాపుకి పోయి మొగుణ్ణి బయటికి పిలిచింది. సంగతంతా చెప్పి డబ్బా చూపించింది.

"నాకు తెలవదే. పంపు పిన్నులన్నారు."

"తెలవనోడివి డబ్బాలో బోల్టులెందుకేశావయ్యా?"

నాగూర్ వలి ఆమె చేతిలో డబ్బా అందుకున్నాడు. "సాగర్ కాలవలో పారేసొస్తా," అన్నాడు.

"పారేస్తే బోల్టులు బయటపడవా? పద, షావుకారికి చెప్పేద్దాం. ఏదైతే అదైద్ది."

డబ్బా మూత తీసి చూసిన వేణుమాధవ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఒరేయ్ వలీ, నా కొంప ముంచావు కదరా" అన్నాడు. హైదరాబాదుకి ఫోను చేశాడు. పొద్దున్నే వస్తున్నాం, అతన్ని ఎక్కడికీ కదలనీయొద్దు అన్నారు.

మర్నాడు హజ్రా బీ మొగుడి వెంటే వచ్చింది. చేతిలో సంచి, అందులో రెండు లుంగీలు, తువ్వాలు, బీపీ మాత్రలు. జైలుకి ఏమేం తీసుకుపోనిస్తారో తెలియక తోచినవన్నీ సర్దింది.

కంపెనీ నుంచి వచ్చింది అపర్ణ అనే ఇంజనీరు, కూతురి వయసుంటుంది. దబ్బనాలన్నీ బల్ల మీద పరిచి, చెడిపోయిన ముక్కల లెక్కతో సరిచూసింది. అన్నీ ఉన్నాయి. తర్వాత ఒకటి తీసి బెజ్జంలోంచి వెలుతురు చూసింది.

"ఇంత గట్టి ఉక్కులో బెజ్జం ఎవరేశారు?"

"నేనే మేడం. తప్పైపోయింది," అన్నాడు నాగూర్ వలి.

"దేనికి?"

"మిరపకాయల టిక్కీలు కుట్టేదానికి."

అపర్ణ అతని వంకా, హజ్రా బీ వంకా మార్చి మార్చి చూసి తల పట్టుకుంది. తర్వాత గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఇంకోసారి ముక్క బయటికి పోతే కేసే అంది. ఈసారికి మాత్రం ఇవి చెడిపోయినవే గనక, ఉత్త ఉక్కే గనక, అన్నీ తిరిగొచ్చాయి గనక, కరిగించేసి ఊరుకుంటామంది. హజ్రా బీకి ప్రాణం లేచొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకో మాట," అంది అపర్ణ. "నీళ్ళ పరీక్షలో మీ సూదులే సూటిగా పోయాయి. ఆ చదును మూతి సరిగ్గా కుదిరితేనే నీళ్ళు పక్కకి తప్పుకుని దానికి దారిస్తాయి. అంత బాగా తిప్పే చెయ్యి మాకు ఇంకెక్కడా దొరకలేదు. పెద్ద ఆర్డరు వస్తోంది. మీరే చెయ్యాలి."

హజ్రా బీ ఉండబట్టలేక అడిగింది. "నీళ్ళలో ఉన్న మనిషికి ఇది తగిలితే ఏమైద్దమ్మా?"

"పైకి రాడు," అంది అపర్ణ, కొలతలు చెప్పిన గొంతుతోనే.

ఊపిరి బిగబట్టి ఈదుతున్నవాడు అరవను కూడా అరవలేడు కదా అనుకుంది హజ్రా బీ. నిన్నటినుంచీ తన మనిషిని పోలీసులు పట్టుకుపోతారనే భయమే తప్ప ఈ ఆలోచనే ఆమెకు రాలేదు. వద్దంటాడన్న ఆశతో భర్త వైపు తిరిగింది.

నాగూర్ వలి నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళలో తన చేతిపని గురించి ఒక చదువుకున్న మనిషి అంత గొప్ప మాట అనడం అతను విన్లేదు. భుజాలు విరుచుకుని, బల్ల మీదికి వంగాడు.

"కొత్తవాటి పొడుగెంత ఉండాలి మేడం?" అని అడిగాడు.

హజ్రా బీ బట్టల సంచి రెండు చేతులా పట్టుకుని, ఈయనెవరో అన్నట్టు అతన్ని చూస్తూ నిలబడిపోయింది.