రెండు అంచులూ సమంగా

1994 మే నెలలో నేను కరీంనగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో పెళ్లి పత్రికలు కంపోజ్ చేసేదాన్ని. అంతకుముందు పదిహేడేళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చాను. వరుసలు కుడివైపు ఎగుడుదిగుడుగా ఆగితే నాకు సహించేది కాదు.

ఆ బుధవారం జగిత్యాల వైపు పల్లె నుంచి ఒక పత్రిక వచ్చింది. ఆహ్వానించేవారి పేర్లు నాలుగు, నాలుగు వరుసల్లో రాసి ఉన్నాయి. మొదటిది పెళ్లికూతురి పెదబాపుది, అంటే తండ్రి అన్నది. ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. రెండోది, ముందు 'కీ.శే.' పెట్టి, చనిపోయిన ఆమె తండ్రిది. కంపోజ్ చేసి స్కేలు పెట్టి చూస్తే కుడి అంచులో అర అంగుళం తేడా. నాలుగు వరుసలను రెండు చేసి, రెండు అంచులూ సమం చేశాను. పెదబాపు పేరు పక్కన, మొదటి వరుస చివర 'కీ.శే.' ఆగిపోయింది. తండ్రి పేరు కింది వరుసకు జారింది. అంచు దారం పట్టినట్టు వచ్చింది. అదే చూసి మురిశాను. యజమాని అడిగితే ప్రూఫు చదివానన్నాను. మూడు వందలు అచ్చయ్యాయి.

సోమవారం ఆ పెదబాపు భార్య మిగిలిన పత్రికల సంచితో వచ్చింది.

"నాకు సదువు రాదక్కా. పక్కింటి పిల్ల సదివి, మా ఆయన కీర్తిశేషులన్నది. రెండు దినాలు ఫోన్ కలువలే. నిన్న కలిసింది. 'నన్నెవలు సంపిన్రే' అని నవ్వుతుండు. నాకు నవ్వు రాలే. గిట్ల ఎవలు జేసిన్రు?"

"కంప్యూటర్ల అట్లనే వచ్చింది చెల్లె. మిషన్ గదా," అన్నాను.

ఆమె వెంటనే నమ్మింది. "మిషన్‌కేం ఎరుక తియ్. తప్పుడు సావు కబురొస్తె ఆయుష్షు పెరుగుతదంటరు. నువ్వు ఫికర్ జెయ్యకు," అని నన్నే ఓదార్చింది.

సంచిలోవి లెక్కపెట్టాను. నూట ఎనభై ఎనిమిది. అంటే నూట పన్నెండు ఇళ్లలో ఆయన చనిపోయి ఉన్నాడు.

పేర్లు విడదీసి, ఎవరి వరుసలో వారిని ఉంచి కొత్త ప్రూఫు తీశాను. ఆమె కాగితం మీద వేలు పెట్టింది.

"గిండ్ల మా ఆయన ఏడున్నడక్కా?"

ఆ వేలు పట్టి మొదటి వరుస మీద ఉంచాను.

"పక్కన ఏం లేదు గదా?"

"ఏం లేదు. ఒక్క పేరే ఉన్నది."

ఆమె చాలాసేపు వేలు తీయలేదు. తప్పు నాదేనని చెప్పడానికి ఆ సమయం చాలు. నేను చెప్పలేదు.